పాత బటన్ ఫోన్ మీద బెంగ: అందులో ఫోన్ వాటా ఎంత, కాలం వాటా ఎంత?

నోకియా 1100 ఫొటో ఏ వాట్సాప్ గ్రూపులో పడినా కింద వచ్చే మాటలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "వారానికోసారి ఛార్జింగ్ పెడితే చాలు." "మేడ మీంచి పడేసినా ఏమీ అయ్యేది కాదు." "ఆ రోజుల్లో మనుషులు మాట్లాడుకునేవారు." ఆఖర్న ఎవరో ఒకరు "మళ్లీ అదే కొనుక్కుంటాను" అంటారు. "కొనుక్కుని ఫోన్‌పే ఎలా కొడతావ్?" అని ఇంకొకరు అడుగుతారు. చర్చ అక్కడే ఆగిపోతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మాటలకు బరువు కాస్త ఎక్కువ. ఇక్కడ చాలా ఇళ్లలో ఒకరైనా ఊళ్లో ఉండరు. విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో పనుల్లో ఉంటారు. తీరంలోని మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకెళ్తారు. సెల్‌ఫోన్ ఈ ఊళ్లలోకి సరదా వస్తువుగా రాలేదు, వలసెళ్లిన మనిషి గొంతు వినిపించే వస్తువుగా వచ్చింది. అందుకే పాత ఫోన్ గుర్తొస్తే దాంతోపాటు చాలా గుర్తొస్తాయి.

ఆ "చాలా"ని విడదీసి చూడాలి. బ్యాటరీ ఎక్కువ రోజులు వచ్చేదన్నది ఫోన్ గురించిన మాట. జనం తక్కువ మాట్లాడినా బాగా మాట్లాడేవారన్నది ఆనాటి కాల్ రేట్లకు ముడిపడిన మాట. ఆ రోజులే బాగుండేవన్నది మన వయసుకు సంబంధించిన మాట. మూడింటినీ ఒకే మూటలో కడితే "పాతదే మంచిది", "కొత్తదే మేలు" అని వాదించుకోవడం తప్ప ఏమీ తేలదు.

చిన్న ఫోను, టచ్ ఫోను, మధ్యలో ఇంకొకటి

మన ఊళ్లలో "చిన్న ఫోను" అనేదాన్నే దుకాణాల్లో కీప్యాడ్ ఫోన్ అంటారు. బటన్లుంటాయి, కాల్స్, మెసేజ్‌లు, టార్చ్, ఎఫ్ఎం ఉంటాయి. "టచ్ ఫోను" అంటే స్మార్ట్‌ఫోన్. అందులో మనకు కావాల్సిన యాప్‌లు మనమే వేసుకోవచ్చు, అసలు తేడా అదే.

ఈ రెంటికీ మధ్య ఇంకో రకం ఉంది, గందరగోళమంతా దీనితోనే. చూడ్డానికి బటన్ ఫోనే, లోపల మాత్రం 4జీ. 2017లో వచ్చిన జియోఫోన్, 2023లో 999 రూపాయలకు వచ్చిన జియో భారత్ ఈ కోవలోవి. పాత నోకియా 2జీ నెట్‌వర్క్ మీద మాత్రమే పనిచేస్తుంది. జియోకి 2జీ లేనే లేదు, కాబట్టి జియో సిమ్‌ని 1100లో వేస్తే ఎంతసేపు చూసినా సిగ్నల్ రాదు. "బటన్ ఫోన్ కొన్నాను, పనిచేయట్లేదు" అనేవాళ్లలో చాలామందికి వచ్చిన చిక్కు ఇదే. తప్పు ఫోన్‌దీ కాదు, సిమ్‌దీ కాదు.

వారం రోజుల ఛార్జింగ్ వెనక లెక్క

ఈ మాట నిజమే. ఎందుకు నిజమో చిన్న లెక్కతో తెలిసిపోతుంది.

నోకియా 1100 బ్యాటరీ 850 ఎంఏహెచ్, అంటే మిల్లీ ఆంపియర్-గంటలు. వాడకుండా పక్కన పెడితే 400 గంటల దాకా వస్తుందని కంపెనీ చెప్పింది. 850ని 400తో భాగిస్తే సగటున రెండు మిల్లీ ఆంపియర్లు. ఇప్పటి మామూలు స్మార్ట్‌ఫోన్ బ్యాటరీ 5000 ఎంఏహెచ్, రోజంతా వాడితే ఒక్క రోజు వస్తుంది. 5000ని 24తో భాగిస్తే దాదాపు 208 మిల్లీ ఆంపియర్లు. అంటే బ్యాటరీ ఆరు రెట్లు పెరిగింది, ఖర్చు వంద రెట్లు పెరిగింది. ఒకదాన్ని పక్కన పెట్టి, రెండోదాన్ని వాడుతూ వేసిన లెక్క ఇది, నిజమే. కానీ మనం వాటిని వాడింది కూడా అలాగే కదా.

ఆ కరెంటంతా ఎక్కడికి పోతోంది? ఎక్కువ భాగం తెరకే. 1100 తెర మీద అడ్డంగా 96, నిలువుగా 65 చుక్కలు, మొత్తం 6,240. ఇప్పటి తెరల్లో 1080 ఇంటూ 2400 సర్వసాధారణం, అంటే దాదాపు 26 లక్షల చుక్కలు. వాటికి రంగులివ్వాలి, వెలుగివ్వాలి, సెకనుకి అరవైసార్లో అంతకన్నా ఎక్కువో మార్చాలి. దానికి తోడు వెనకాల యాప్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఇంటర్నెట్‌ని పలకరిస్తూనే ఉంటాయి. 1100కి పక్కన పెట్టినప్పుడు ఉన్న పని ఒక్కటే, "నాకేమైనా కాల్ ఉందా" అని టవర్ మాట మధ్యమధ్యలో వినడం.

ఇక్కడో మెలిక ఉంది. 2జీ ఫోన్ టవర్‌కి దూరమయ్యేకొద్దీ గట్టిగా అరవాలి. 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో అది గరిష్ఠంగా 2 వాట్ల దాకా శక్తితో సిగ్నల్ పంపుతుంది, 4జీ ఫోన్ గరిష్ఠం 0.2 వాట్లే. కాబట్టి సీతంపేట, కురుపాం కొండల్లో సిగ్నల్ ఒక గీత ఉండీ ఉండనట్టున్న చోట పాత ఫోన్‌లో మాట్లాడితే బ్యాటరీ అంత నిదానంగా ఏమీ తగ్గదు. వారం రోజుల లెక్క సిగ్నల్ బాగా ఉన్న శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో కూర్చున్న మనిషిది.

పడినా పగలకపోవడం, పాడైతే బాగుపడటం

1100 బరువు 86 గ్రాములు. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లు 200 గ్రాముల చుట్టుపక్కల ఉంటున్నాయి. ఒకే ఎత్తు నుంచి పడితే నేలకు తగిలే దెబ్బ బరువుని బట్టి ఉంటుంది, అంటే కొత్తదానికి రెండింతలకు పైగా దెబ్బ. ఆ దెబ్బని తట్టుకోవాల్సింది ముందువైపంతా పరుచుకున్న గాజు. ప్లాస్టిక్ వంగుతుంది, గాజు వంగదు, పగులుతుంది. పాత ఫోన్ పడగానే మూత ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు, ఫోన్ ఒకవైపు పోయేవి. అలా ఊడిపోవడంలోనే దెబ్బ సగం ఖర్చయిపోయేది. మూడూ ఏరుకుని పెట్టుకుంటే మళ్లీ ఆన్ అయ్యేది.

కానీ పగలకపోవడం కంటే నాకు ముఖ్యమనిపించేది బాగుచేయగలగడం. పాత కీప్యాడ్ ఫోన్ రిపేరు దగ్గరుండి చూస్తే తెలుస్తుంది. వెనక మూత నొక్కి జరిపితే ఊడొస్తుంది. బ్యాటరీ గోటితో లేస్తుంది. ముందు మూత తీస్తే 1100 కీప్యాడ్ మొత్తం ఒకే రబ్బరు ముక్కగా చేతిలోకొస్తుంది, మధ్యలో సందులుండవు. దుమ్ము, చెమట లోపలికి దిగకూడదని అలా చేశారు. దాని కింద బోర్డు మీద ఒక్కో అంకెకి ఒక్కో చిన్న లోహపు బుడిపె. ఏడో నంబరు నొక్కితే పడట్లేదంటే ఆ బుడిపె కింద నల్లబడిందని అర్థం. రిపేరు కుర్రాడు పాత టూత్‌బ్రష్‌ని స్పిరిట్‌లో ముంచి రుద్దుతాడు, గాలి ఊదుతాడు, మూసేస్తాడు. "నొక్కండి బాబాయ్" అంటాడు. పడుతుంది. టీ చల్లారేలోపు పని అయిపోతుంది.

అదే కుర్రాడు స్మార్ట్‌ఫోన్ తెరవాలంటే ముందు వేడి చేయాలి. జిగురు కరగాలి. గాజు, టచ్, డిస్‌ప్లే మూడూ కలిపి అతికించి ఉంటాయి. దాన్ని దుకాణాల్లో కాంబో అంటారు. పైగాజు ఒక్కటే పగిలినా తరచూ కాంబో మొత్తం మార్చాల్సి వస్తుంది, ఆ రేటు వింటే పాతది పడేసి కొత్తది కొనుక్కుందామనిపిస్తుంది.

కంపెనీల వైపు వాదన కూడా వినాలి. జిగురు పెట్టడానికి ఒక కారణం నీళ్లు. ఐపీ67 గుర్తున్న ఫోన్ మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకోవాలి, మూత చేత్తో ఊడొచ్చే ఫోన్‌లో అది చేయడం కష్టం. కళింగపట్నంలోనో భావనపాడులోనో పడవెక్కే మనిషికి ఇది చిన్న విషయం కాదు, పాత ఫోన్‌ని ఆయన ప్లాస్టిక్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసుకునేవాడు. అయినా నీళ్ల పేరు చెప్పి అన్నీ అతికించేయడం మీద అభ్యంతరం గట్టిగానే ఉంది. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి వస్తువుల్లోని చిన్న బ్యాటరీలను వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉంచాలి. ఎక్కువకాలం మన్నే బ్యాటరీలున్న ఫోన్లకు కొన్ని మినహాయింపులున్నాయి. పాత ఫోన్ మీద బెంగ అని కొట్టిపారేసిన విషయం ఒకచోట చట్టమయిందంటే, అది ఉత్త బెంగ కాదన్నమాట.

మనకు గుర్తులేని పాత ఫోన్లు

ఇక రెండో పక్క. 2003లో వచ్చిన 1100 ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఇన్ని అమ్ముడైన ఫోన్ గుర్తుండటం సహజం. కానీ అదే కాలంలో మన సంతల్లో, రథసప్తమికి అరసవల్లి తీర్థంలో, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరంలో వెలిసిన దుకాణాల్లో ఇంకో రకం ఫోన్లు కుప్పలుగా ఉండేవి. చైనా ఫోన్లు. నాలుగు స్పీకర్లు, రెండు సిమ్‌లు, వీధి చివరి దాకా వినబడే పాటలు. చాలావాటికి ఐఎంఈఐ నంబరే ఉండేది కాదు. ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండాల్సిన గుర్తింపు సంఖ్య అది. భద్రత కారణంగా 2009 నవంబర్ 30 అర్ధరాత్రి నుంచి అలాంటి ఫోన్లకు నెట్‌వర్క్ ఆపేశారు. అవి ఎంతకాలం పనిచేశాయో, ఎన్ని ఆరు నెలలకే మూలన పడ్డాయో ఎవరూ బెంగగా చెప్పుకోరు.

బతికి బట్టకట్టిన వాటినే చూసి "ఆ రోజుల్లో అన్నీ గట్టివే" అనుకోవడం మనిషి సహజంగా చేసే పొరపాటు. పాత ఇళ్లు, పాత సైకిళ్ల గురించి కూడా ఇలాగే అంటాం. కూలిపోయినవి కళ్ల ముందు ఉండవు కదా.

గట్టివాటిలోనూ లోటు లేకపోలేదు. 2007 ఆగస్టులో నోకియా తన బీఎల్-5సీ బ్యాటరీల్లో 4.6 కోట్లు ఛార్జింగ్ సమయంలో వేడెక్కే ప్రమాదం ఉందని, మార్చి ఇస్తామని ప్రకటించింది. 1100లో వేసేది కూడా బీఎల్-5సీయే. అన్ని బీఎల్-5సీలూ కాదు, ఒక తయారీదారు 2005 డిసెంబర్ నుంచి 2006 నవంబర్ మధ్య చేసినవి మాత్రమే. ఫోన్ పేలుతుందని అప్పుడు జనం ఎంత టెన్షన్ పడ్డారో గుర్తున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

తెలుగు సంగతి మరీ ముఖ్యం. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కోటి 7 బిట్లు కాబట్టి 160 పడతాయి. తెలుగు యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి 16 బిట్లు, అందుకే 70 మాత్రమే. పైగా ఒత్తు, గుణింతం, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి. "శ్రీకాకుళం" కంటికి నాలుగైదు అక్షరాలే. మెసేజ్ లెక్కలో శ, పొల్లు, ర, దీర్ఘ గుడి, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్నా కలిపి పది. ఊరి పేరు రాస్తేనే ఏడో వంతు అయిపోయింది. దానికి తోడు చాలా పాత ఫోన్ల తెర మీద తెలుగు అక్షరాల బదులు ఖాళీ పెట్టెలు కనబడేవి. మనం తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం అలవాటు చేసుకున్నది ఇందుకే. ఇంగ్లిష్ రానివాళ్లకు మెసేజ్ అన్నదే లేదు. ఈ రోజు చదువు అంతంతమాత్రంగా ఉన్న తల్లి కూడా దుబాయ్‌లో ఉన్న కొడుక్కి వాయిస్ మెసేజ్ పెడుతోంది, మనవరాలి ముఖం వీడియోలో చూస్తోంది. పాత ఫోన్‌ని పొగిడేటప్పుడు ఈ తల్లిని మర్చిపోకూడదు.

ఆ నిశ్శబ్దం ఫోన్‌ది కాదు, రేట్లది

"అప్పట్లో ఫోన్ మనల్ని వదిలేసేది" అంటారు. అది ఫోన్ గొప్పతనమా?

మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న జరిగింది. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఫోన్ ఎత్తినా డబ్బులు కట్టాల్సి వచ్చేది. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాకే పల్లెల్లో సెల్‌ఫోన్‌కి ఊపొచ్చింది, మిస్డ్ కాల్ అలవాటయింది. ఎత్తకూడని కాల్ అది. ఒకసారి మోగి ఆగిపోతే బస్సు దిగానని, రెండుసార్లు మోగితే వెంటనే ఫోన్ చెయ్యమని, ఇలా ఇంటికో ఒప్పందం. పైసా ఖర్చు లేని కబురు.

అప్పట్లో నిమిషాల చొప్పున లెక్క. నిమిషానికి రూపాయి అనుకుంటే 61 సెకన్లు మాట్లాడినా రెండు రూపాయలు పోయేవి. అందుకే 55వ సెకనుకి "ఉంటా మరి" అనేవాళ్లు. 2009లో టాటా డొకొమో సెకనుకి పైసా లెక్క తెచ్చాక అదే కాల్ 61 పైసలయింది. మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చి కాల్స్ ఉచితం చేసింది, డేటా రేటుని నేలకు దించింది. తక్కువ మాట్లాడటం, ముఖ్యమైనదే మాట్లాడటం మన సంస్కారం నుంచి వచ్చినవి కావు, జేబులోంచి వచ్చినవి. వలసెళ్లిన భర్తతో వారానికి నాలుగు నిమిషాలు మాట్లాడిన భార్యని అడిగితే ఆ నిశ్శబ్దం అంత తీయగా ఉండేదని చెప్పదు.

అలాగని ఇప్పటి గోల మీద ఫిర్యాదు అబద్ధం కాదు. వేలితో ఎంత లాగినా అయిపోని తెరని 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించాడు. తర్వాత ఆయనే దాని గురించి బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు. పేజీ అయిపోతే మనిషి ఒక్క క్షణం ఆగి "చాలు" అనుకునే వీలుంటుంది, ఈ డిజైన్ తీసేసింది ఆ ఒక్క క్షణాన్నే. 2017లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. ఫోన్ బల్ల మీద ఉన్నవాళ్ల కంటే పక్కగదిలో పెట్టి వచ్చినవాళ్లు పరీక్షలు మెరుగ్గా చేశారని, ఫోన్ మోగకపోయినా తేడా కనబడిందని తేల్చారు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాలన్నింటిలో ఇదే ఫలితం రాలేదు. కాబట్టి "స్మార్ట్‌ఫోన్ బుర్రని తినేస్తుందని సైన్స్ తేల్చేసింది" అనడం తొందరపాటు, "అదంతా పుకారు" అనడమూ తొందరపాటే.

డీఎస్సీకో, గ్రూప్స్‌కో చదువుతూ కీప్యాడ్ ఫోన్‌కి మారిన కుర్రాళ్లను కదిపితే రెండు వైపులా నిజం వినబడుతుంది. చదువు మీద కూర్చోగలుగుతున్నామంటారు. మళ్లీ నోట్సు టెలిగ్రామ్‌లో వస్తుంది, మాక్ టెస్టులు యాప్‌లో రాయాలి, హాల్ టికెట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందుకే చాలామంది టచ్ ఫోన్‌ని ఇంట్లో ఒకరి దగ్గర ఉంచి, చిన్న ఫోన్ జేబులో వేసుకుని లైబ్రరీకి వెళ్తున్నారు.

వయసు సంగతీ ఇక్కడే చెప్పాలి. పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు జరిగినవి మిగతా జీవితం కంటే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రంలో బాగా నిలబడ్డ విషయం. 2004లో ఇరవై ఏళ్ల కుర్రాడికి 1100 అంటే తొలి జీతం, తొలి ప్రేమ, ఆమదాలవలస స్టేషన్లో రైలు కోసం చూస్తూ ఆడిన పాము ఆట. ఇప్పుడు ఇరవై ఏళ్లున్న అమ్మాయికి నలభై దాటాక ఇదే బెంగ ఇప్పటి స్మార్ట్‌ఫోన్ మీద కలుగుతుంది.

తిత్లీ రాత్రి తర్వాత

తుపాన్ల జిల్లాల్లో "కష్టకాలంలో పాత ఫోనే ఆదుకుంటుంది" అన్నమాట తరచూ వింటాం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు వేలల్లో కూలాయి. ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి.

అలాంటప్పుడు బ్యాటరీ ఉన్న ఫోన్ టార్చ్‌గా పనికొస్తుంది, ఇయర్‌ఫోన్ పెడితే రేడియో వినొచ్చు. కానీ కాల్ కలవాలంటే టవర్ బతికుండాలి. టవర్‌కి కరెంటు పోతే బ్యాటరీల మీద కొన్ని గంటలు, ఆ తర్వాత డీజిల్ జనరేటర్ మీద నడుస్తుంది. చెట్లు పడి రోడ్డు మూసుకుపోతే డీజిల్ రాదు. మూడో రోజున మన ఫోన్‌లో ఛార్జింగ్ ఉండొచ్చు, సిగ్నల్ ఉండదు. అటు టవర్ తిరిగి లేచిన గంట నుంచి పాత ఫోన్‌ది పైచేయి. పంచాయతీ జనరేటర్ దగ్గర వరస కట్టి అరగంట ఛార్జ్ పెట్టుకుంటే దానికి రోజులు సరిపోతుంది, టచ్ ఫోన్‌కి గంటలే.

ఎంచుకునే వీలు ఎవరికుంది?

నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికంటే తక్కువ మాట్లాడుకుంటున్నది ఇదే. పట్నంలో ఉద్యోగి కీప్యాడ్ ఫోన్ కొంటే అది రెండో ఫోన్. పల్లెలో చిన్న ఫోన్ పట్టుకున్న మనిషికి అది ఒక్కటే ఫోన్.

మా నాయనమ్మకు చదువు రాదు. కీప్యాడ్ మీద 5 దగ్గర వేలికి తగిలే చిన్న గుర్తుంటుంది. దాన్ని తడిమి పట్టుకుంటే పైన 2, ఎడమ పక్కన 4, కింద 8. స్పీడ్ డయల్‌లో 2 పెద్దకొడుకు, 4 కూతురు, 8 పాలాయన. కళ్లు సరిగా కనబడకపోయినా చీకట్లో ఫోన్ చేసేది. టచ్ ఫోన్ చేతిలో పెడితే నున్నటి గాజుని తడిమి, "ఏటి నాయినా, దీన్లో ఏది నొక్కితే నువ్వు పలుకుతావు?" అంది. ఆవిడకు ఆ చిన్న గుర్తు బెంగ కాదు, అవసరం.

మరోపక్క పనులన్నీ టచ్ ఫోన్‌లోకి వెళ్లిపోతున్నాయి. ఉపాధి హామీ పనుల్లో హాజరు 2023 జనవరి 1 నుంచి యాప్‌లో ఫొటోలతో వేయడం తప్పనిసరయింది. ఆ ఫోన్ కూలీల పని చూసే మేట్ దగ్గర ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన మన మిత్ర సేవలు వాట్సాప్‌లో వస్తాయి. సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పుతుంది, ఇది నిజమైన మేలు. కానీ వాట్సాప్ లేని మనిషి ఆ మేలు అందుకోవాలంటే మనవడి కోసం చూడాలి, లేదంటే ఊళ్లోని సచివాలయానికి నడవాలి.

చిన్న ఫోన్ వాళ్లకు ఏ దారీ లేదనడం మాత్రం తప్పు. 2022 మార్చి 8న రిజర్వ్ బ్యాంక్ యూపీఐ 123పే తెచ్చింది. ఇంటర్నెట్ లేకుండానే, ఒక నంబరుకి ఫోన్ చేసి, చెప్పినట్టు అంకెలు నొక్కి డబ్బు పంపొచ్చు. అంతకుముందు నుంచీ ఇదే పనికి స్టార్ 99 హ్యాష్ (*99#) అనే కోడ్ కూడా ఉంది. దారి ఉంది, దాన్ని చూపించే బోర్డు లేదు. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఏ దుకాణంలో చూసినా క్యూఆర్ స్టిక్కర్ కనబడుతుంది, 123పే పేరు చెప్పే స్టిక్కర్ నా కంటికి పడలేదు.

రీఛార్జ్ సంగతి ఇంకా ఘోరం. 2006 ప్రాంతంలో "లైఫ్‌టైమ్" సిమ్‌లు వచ్చాయి. ఒకసారి 999 కడితే ఇన్‌కమింగ్ ఆగదన్నారు. 2018 చివర్లో కంపెనీలు 28 రోజులకు 35 రూపాయల కనీస రీఛార్జ్ పెట్టాయి. 2024 జూలై నాటికి ఎయిర్‌టెల్‌లో 28 రోజుల ప్యాక్ 199 అయింది, ఐదున్నర రెట్లకు పైనే. అందులో డేటా ఉంటుంది. చిన్న ఫోన్ మనిషికి ఆ డేటాతో పనిలేదు, అయినా డబ్బు కట్టాలి. ఈ అన్యాయం గురించి ఫిర్యాదులు వెళ్లాకే 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన మార్చి, కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే ప్యాక్‌లు తప్పకుండా ఉండాలంది. 2025 జనవరిలో ఎయిర్‌టెల్ ఏడాదికి 1849 రూపాయల ప్యాక్ పెట్టింది, రోజుకి ఐదు రూపాయల చొప్పున పడింది. లెక్కకు చవకే. కానీ ఒక్కసారే 1849 తీయడం కూలీ మనిషికి తేలిక కాదు.

బటన్ ఫోన్‌లో మోసం జరగదా?

కొంత తక్కువ జరుగుతుంది, అసలు జరగదని కాదు. లింకు నొక్కించడం, నకిలీ యాప్ వేయించడం, తెరని దూరం నుంచి చూడటం లాంటివి పాత బటన్ ఫోన్‌లో కుదరవు. ఓటీపీ అడిగి దోచుకోవడానికి, "పోలీసులం మాట్లాడుతున్నాం" అని భయపెట్టడానికి మాత్రం ఏ ఫోన్ అయినా ఒకటే. ఇంకో సాంకేతిక లోపం కూడా ఉంది. 2జీలో టవర్ ఫోన్‌ని గుర్తుపడుతుంది కానీ, ఫోన్ టవర్ అసలుదో నకిలీదో తేల్చుకోలేదు. తర్వాత తరాల నెట్‌వర్క్‌లలో ఈ లోపం సరిచేశారు.

2జీ ఎంతకాలం?

ఎయిర్‌టెల్ 2020లో తన 3జీని ఆపేసి 2జీని మాత్రం ఉంచింది. చిన్న ఫోన్ల వాళ్లు అంతమంది ఉన్నారు మరి. 2జీ, 3జీలను పూర్తిగా ఆపేసే విధానం కావాలని జియో 2024లో ట్రాయ్‌ని కోరింది. ఆ స్పెక్ట్రమ్, అంటే సిగ్నళ్లు నడిచే తరంగాలు, కొత్త సేవలకు పనికొస్తుంది, రెండు మూడు తరాల నెట్‌వర్క్‌లను ఒకేసారి నడపడం దండగ ఖర్చు అన్నది ఆ వాదన. అందులో పస ఉంది. ఫోన్ మార్చుకోలేనివాళ్ల మీద ఆ ఖర్చు పడకూడదన్నది ఎదుటి వాదన. దాన్ని తోసిపుచ్చడం కష్టం. ప్రభుత్వం 2జీకి ఆఖరి తేదీ ఏదీ ప్రకటించలేదు.

ఈ లెక్కలో ఫోన్లే కాదు, మనకు కనబడని సిమ్‌లు కూడా ఉన్నాయి. పొలంలో బోరు దగ్గర పెట్టుకునే మొబైల్ స్టార్టర్లలో చాలావాటిలో ఉండేది 2జీ సిమ్మే. రైతు ఇంటి దగ్గర నుంచి ఫోన్ కొడితే మోటారు తిరుగుతుంది, అర్ధరాత్రి త్రీఫేజ్ కరెంటు వచ్చినప్పుడు చీకట్లో పాముల మధ్య నడిచి వెళ్లాల్సిన పని లేదు. రేపు 2జీ ఆగితే ఆ రైతు వెయ్యి రూపాయల్లో 4జీ కీప్యాడ్ ఫోన్ కొనుక్కోగలడు, స్టార్టర్ మార్చడానికి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ పెట్టాలి. 2జీ ఆపాలా వద్దా అన్న చర్చలో ఫోన్ల లెక్క వినబడుతోంది కానీ, ఈ స్టార్టర్ల లెక్క అంతగా వినబడటం లేదు.